లీవు, ముహూర్తం, పార్ట్ టూ ఆర్డర్

మాది తాడేపల్లిగూడెం వైపు. మిలటరీ మాధవరం దగ్గరే కాబట్టి ఆర్మీ సంబంధమంటే మాకు వింత కాదు. అయినా సొంత కూతురి దాకా వచ్చేసరికి అమ్మకి బోర్డరే కనిపించింది, నాన్నకి పింఛను.

పెళ్లిచూపుల్లో నేను జీతం సంగతి ఎత్తలేదు. "ఇప్పుడు ఫీల్డా, పీసా?" అన్నాను. మాజీ సైనికుడైన మా బాబాయి నేర్పిన ప్రశ్న అది. ఫీల్డంటే సరిహద్దుల్లాంటి చోట పోస్టింగు, అక్కడ భార్యని వెంట ఉంచుకోవడానికి లేదు. పీస్ స్టేషన్‌లో కూడా క్వార్టర్‌కి వరసలో ఆగాలి. ఆయన నీళ్లు నమలకుండా "ఫీల్డేనండి, ఇంకో ఏడాది పైనే" అన్నారు. దాంతోనే నచ్చారు.

జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. ఎప్పుడిచ్చేదీ యూనిట్ ఇష్టం. వైశాఖంలో అనుకున్న పెళ్లి లీవు రాక జారిపోయింది. జ్యేష్ఠంలో చేద్దామంటే ఇద్దరం ఇంటికి పెద్దవాళ్లం, పనికిరాదన్నారు పంతులుగారు. తర్వాత ఆషాఢం. ఆఖరికి శ్రావణంలో అయింది. అప్పుడు కూడా లీవు శాంక్షన్ అయ్యిందని ఫోన్ వచ్చేదాకా మామగారు శుభలేఖలు అచ్చుకివ్వనివ్వలేదు.

పెళ్లయినంత మాత్రాన ఆర్మీ లెక్కలో ఆయన భార్యనైపోను. రికార్డుల్లో పేరెక్కుతూ పార్ట్ టూ ఆర్డర్ పడాలి. అది పడకపోతే డిపెండెంట్ కార్డు రాదు, మిలటరీ హాస్పిటల్లో చూడరు, క్వార్టర్ ఊసే లేదు. మ్యారేజ్ సర్టిఫికెట్, జాయింట్ ఫొటో, ఆధార్ అడిగారు. నా ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది. ఆయనకి సిగ్నల్ దొరికినప్పుడు సమాచారం, మిగతా రోజుల్లో నాకు టెన్షన్. పెళ్లి రిజిస్ట్రేషన్ మాత్రం లీవులో ఉండగానే చేయించుకోండి, ఇద్దరూ వెళ్లి సంతకాలు పెట్టాలి.

ఆయనకేమన్నా అయితే డబ్బులందే నామినీగా అత్తయ్య పేరుండేది. మార్చమని ఎవరూ అనలేకపోయాం. ఆ మాటెత్తితే ఏమని అర్థం? ఓ రాత్రి అన్నాలు తింటుండగా అత్తయ్యే అన్నారు: "సగం నా పేరున ఉంచు, సగం అమ్మాయిది రాయించు నాన్నా." ఆయన తలెత్తలేదు. డ్యూటీకి వెళ్లాక అలాగే రాయించారు.

మా మరిదిది ఇంకో తంటా. అగ్నివీర్, అంటే నాలుగేళ్ల సర్వీసుకే చేర్చుకునే సైనికుడు. 2022లో వచ్చిన ఈ పద్ధతిలో నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. ఆపైన రెగ్యులర్‌గా ఉంచుకునేది బ్యాచ్‌లో 25 శాతం వరకే. ఇప్పుడు సంబంధాలవాళ్ల మొదటి ప్రశ్న, "రెగ్యులరా, అగ్నివీరా?" ఒకరు మాత్రం ఆగుతామన్నారు, వాళ్లమ్మాయికి ఇంకా డిగ్రీ పూర్తికాలేదు. తాంబూలాలు పుచ్చుకోవడానికి మాత్రం మామగారు ఒప్పుకోలేదు.