20,000 డాలర్ల డ్యూసెన్‌బర్గ్

1933లో షికాగోలో ‘సెంచరీ ఆఫ్ ప్రోగ్రెస్’ ప్రపంచ ప్రదర్శన మొదలయ్యే నాటికి అమెరికా శ్రామికుల్లో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు. ఆ ప్రదర్శనలోనే అమెరికా విలాసపు కార్ల సంస్థ డ్యూసెన్‌బర్గ్ ఒక సెడాన్‌ను నిలిపి, దాని వెల 20,000 డాలర్లని చెప్పింది. కొత్త ఫోర్డ్ వి8 కారు సుమారు 500 డాలర్లకు దొరికే రోజులవి. ఆ వెలే పేరుగా నిలిచిపోయి, నేటికీ దానిని ‘ట్వంటీ గ్రాండ్’ (అమెరికా వాడుకలో ‘ఇరవై వేలు’) అనే అంటారు. ఆకలి రాజ్యమేలుతున్న ఏడాదిలో అలాంటి కారును ప్రదర్శనకు పెట్టడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే అనిపిస్తుంది. అయినా దాన్ని తయారుచేసిన చేతుల మీద నాకున్న గౌరవం అందువల్ల తగ్గదు.

డ్యూసెన్‌బర్గ్ సంస్థ అమ్మింది ప్రధానంగా ఛాసీని (చక్రాలతో కూడిన కింది చట్రాన్ని), ఇంజన్‌ను. పై బాడీని కొనుగోలుదారు తన అభిరుచిని బట్టి వేరే కర్మాగారంలో కట్టించుకునేవాడు. ట్వంటీ గ్రాండ్ రూపకల్పన గోర్డన్ బ్యూరిగ్‌ది, బాడీ నిర్మాణం న్యూయార్క్‌లోని రోల్‌స్టన్ సంస్థది. 1928 డిసెంబరులో ఈ కార్లకు మూలమైన ‘మోడల్ జె’ వెలువడినప్పుడు ఒక్క ఛాసీ ధరే 8,500 డాలర్లు. ఏడాది తిరగకుండానే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1937లో సంస్థ మూతపడేలోగా తయారైన మోడల్ జె కార్లు 500 లోపే. వాటిలో ఒకటి మన దేశానికి సంబంధించినది కూడా: ఇందౌర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ కోసం లండన్‌లోని గర్నీ నటింగ్ సంస్థ బాడీ కట్టిన 1936 నాటి స్పీడ్‌స్టర్.

మోడల్ జె గొప్పతనమంతా బానెట్ కిందే ఉందని నా అభిప్రాయం. 6.9 లీటర్ల పరిమాణం, ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్లు, పైభాగాన గొలుసులతో తిరుగుతూ వాల్వులను తెరిచే రెండు కామ్‌షాఫ్ట్‌లు, ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు: ఆ కాలపు రేసు కార్లలో మాత్రమే కనిపించే ఈ ఏర్పాటును సంస్థ స్థాపకుల్లో ఒకడైన ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ విలాసపు కారులోకి తెచ్చాడు. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ కంపనాన్ని అణచడానికి పాదరసం నింపిన గొట్టాలను దానికి బిగించారు. ఆయిల్ మార్చవలసిన వేళనూ, బ్యాటరీని చూడవలసిన వేళనూ డాష్‌బోర్డు మీది దీపాలు వెలిగి గుర్తుచేసేవి. సంస్థ ప్రకటించిన శక్తి 265 హార్స్‌పవర్. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే సూపర్‌చార్జర్‌ను బిగించిన మోడల్ జె రకమైన ‘ఎస్‌జె’లో అది 320. ట్వంటీ గ్రాండ్ ఆ ఎస్‌జె తరగతిదే. 1932 జులైలో ఎస్‌జె నడుపుతూ పెన్సిల్వేనియాలో ప్రమాదానికి గురై ఫ్రెడ్ మరణించాడు. ట్వంటీ గ్రాండ్‌ను ఆయన చూడనే లేదు.

ఇలాంటి కారును పునరుద్ధరించేవారికి ఉండవలసిన మొదటి గుణం నిజాయితీ అంటాను. బానెట్ పక్క నుంచి బయటికి వంపు తిరిగి వచ్చే మెరుపు గొట్టాలు కనిపించగానే అది సూపర్‌చార్జర్ ఉన్న కారని చాలామంది నమ్ముతారు, కాని మామూలు మోడల్ జె కార్లకు కూడా వాటిని బిగించుకున్నవారు ఎందరో ఉన్నారు. పాతబడిన కార్ల విలువ పడిపోయిన దశాబ్దాల్లో ఒకదాని బాడీని మరొకదాని ఛాసీ మీదికి మార్చిన సందర్భాలూ తక్కువేమీ కావు. అందువల్ల ఇంజన్, ఛాసీ, బాడీ అనే మూడూ పుట్టుకతోనే కలిసి ఉన్నాయో లేదో తేల్చిన తరువాతే రంగు, క్రోమ్ పూత, తోలు సీట్ల సంగతి ఆలోచించాలి. లోహపు రేకుల లోపల చెక్క చట్రం చివికిపోయి ఉంటే, రేకుల వంపు చెదరకుండా దాన్ని మళ్లీ కట్టడం వడ్రంగికీ రేకుల పనివాడికీ కలిసి జరగవలసిన ఓర్పు గల పని. బయటి నుంచి చూసేవారికి అదేదీ కనిపించదు.

ట్వంటీ గ్రాండ్‌ను పాత కార్ల సేకర్త జె. బి. నెదర్‌కట్ సంపాదించి పునరుద్ధరింపజేశారు. 1980లో కాలిఫోర్నియాలో జరిగే పాత కార్ల పోటీ అయిన పెబుల్ బీచ్‌లో అది సర్వోత్తమ బహుమతి గెలుచుకుంది. ఇప్పుడు అది లాస్ ఏంజెలెస్ నగరంలోని సిల్మార్ ప్రాంతంలో ఆయన స్థాపించిన మ్యూజియంలో ఉంది. అక్కడి కార్లను నడిచే స్థితిలోనే ఉంచడం నెదర్‌కట్ పెట్టుకున్న నియమం. ఆ నియమం నాకు బహుమతి కంటే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇంజన్ తిరగకపోతే ఆ పాదరసపు గొట్టాలు, ఆ కామ్‌షాఫ్ట్ గొలుసులు తమ పని ఇప్పటికీ చేయగలవో లేదో తెలుసుకోవడానికి వేరే మార్గం లేదు.