మంగళవారం, సిస్టర్ గారు వచ్చే రోజు

తెల్లవారుజామున 4 గంటలకు నాన్న మూలుగు విని లేచాను. మంచం పక్కన ఉండే నోటుపుస్తకంలో సమయం రాసి, నొప్పి ఎంత ఉందని అడిగాను. సున్నా నుంచి పది వరకు లెక్కలో ఆరు అన్నారు. నాలుగు గంటలకొకసారి క్రమం తప్పకుండా ఇచ్చే మార్ఫిన్ కాకుండా, మధ్యలో ఉన్నట్టుండి లేచే నొప్పి కోసం డాక్టరుగారు విడిగా రాసిచ్చిన మోతాదు వేసి, మోకాళ్ళ మధ్య దిండు సర్ది, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ముప్పావు గంటకు ఆయన కనుబొమల మధ్య ముడి విడిపోయింది. మళ్ళీ అడిగితే రెండు అన్నారు. అదీ రాశాను.

ఆరు వారాల క్రితం ఇదే నొప్పికి మేమేం చేశామో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అర్ధరాత్రి భయపడిపోయి, ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాము. వరండాలో స్ట్రెచర్ మీద తెల్లవారేదాకా ఉన్నారు. రక్తపరీక్షలు జరిగాయి, స్కానింగ్ జరిగింది, నొప్పికి మాత్రం ఉదయం దాకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఊపిరితిత్తుల నుంచి ఎముకలకు పాకిన క్యాన్సర్ అని ఆ కాగితాలన్నిటి మీదా రాసే ఉంది. ఆ తరువాతి వారమే, నాన్నను మొదటినుంచీ చూస్తున్న డాక్టరుగారు హాస్పిస్ సేవల సంగతి, అంటే నయంకాని జబ్బు చివరి దశలో నొప్పీ బాధా తగ్గిస్తూ ఇంటివారికీ తోడుండే సేవల సంగతి, ఎత్తారు. "అంటే చేతులెత్తేశారన్నమాట" అన్నాడు అన్నయ్య. నేను పైకి అనలేదు గానీ నా మనసులో ఉన్నదీ అదే మాట.

ఆ మాట ఎంత తప్పో తరువాత చదివి తెలుసుకున్నాను. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. నాన్నలాగే ఊపిరితిత్తుల క్యాన్సర్ శరీరంలో వ్యాపించిన 151 మందిలో కొందరికి, జబ్బు బయటపడిన తొలి వారాల నుంచే, మామూలు వైద్యంతో పాటు, బాధలను తగ్గించే ఉపశమన చికిత్స కూడా అందించారు. వారిలో కుంగుబాటు తక్కువగా కనిపించింది. చివరి దశలో తీవ్రమైన చికిత్సలు తక్కువగా తీసుకున్నా, మధ్యస్థ లెక్కన వారు 11.6 నెలలు జీవించారు, మిగిలినవారు 8.9 నెలలు. మేము ఈ తలుపు తట్టేసరికి నాన్నకు జబ్బు బయటపడి ఏడాది దాటింది. ముందే ఎందుకు అడగలేదన్న బాధ ఉంది. ఎవరైనా తమ ఇంట్లోవారి గురించి నన్ను అడిగితే, చికిత్స జరుగుతుండగానే ఉపశమన సేవలను కూడా కలుపుకొమ్మని చెబుతాను.

ఉదయం పదిన్నరకు హాస్పిస్ నర్సు, మా సిస్టర్ గారు వచ్చారు. మంగళ, శుక్రవారాల్లో వస్తారు; ఎప్పుడు వచ్చినా ముందు కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్న తరువాతే సంచీ తెరుస్తారు. నోటుపుస్తకం మొత్తం చదివి, మూడు రోజుల్లో విడి మోతాదు ఎన్నిసార్లు అవసరమైందో లెక్కపెట్టారు. అది పెరుగుతూ ఉంటే గంట ప్రకారం ఇచ్చే మందునే పెంచాలట. విరేచనం ఎప్పుడైందని అడిగారు. మార్ఫిన్ వాడినన్నాళ్ళూ మలబద్ధకం ఉంటుంది కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలని, మొదట్లో వచ్చే వికారం, మత్తు మాత్రం కొద్ది రోజుల్లో చాలావరకు తగ్గిపోతాయని ఆవిడ మొదటి వారంలోనే చెప్పారు. అచ్చం అలాగే జరిగింది. అలవాటైపోతుందేమోనని నాన్న, ఇది ఆఖరి మందేమోనని అమ్మ భయపడిన ఆ మందుతోనే నాన్న మళ్ళీ మాతో మాట్లాడగలుగుతున్నారు.

నడుము కింద ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూశారు. నొక్కినప్పుడు తెల్లబడి, మళ్ళీ రంగు వస్తోంది కాబట్టి పుండు దాకా రాలేదని, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం మాత్రం మానవద్దని చెప్పారు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టారు. ఆయాసం వచ్చినప్పుడు చిన్న ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలేలా పెట్టమని పోయిన వారం చెప్పినది పనిచేస్తోందా అని అడిగారు. పనిచేస్తోంది. ఇంత చిన్న ఉపాయం ఇంత ఊరటనిస్తుందని నేను అనుకోలేదు.

తరువాత ఆవిడ ప్రతిసారీ అడిగే ప్రశ్న అడిగారు: "నాన్నగారూ, ఈ రోజు మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతున్నదేమిటి?" నొప్పి అంటారనుకున్నాను. నాన్న కాసేపు పైకప్పు వైపు చూసి, "ఆవిడ నిద్రపోవడం లేదమ్మా" అన్నారు. గుమ్మంలో నిలబడిన అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త, ఆ పైన చదివి 1957లో డాక్టరు అయ్యారు. నొప్పి వచ్చాక మందు వేయడం కాదు, అది తిరిగి రాకముందే గంట ప్రకారం వేయాలని పట్టుబట్టినది ఆవిడే. చివరి దశలో మనిషి పడే బాధలో శరీరానిది ఒక పాలు మాత్రమేనని, మనసు, ఇంటివారు, డబ్బు, బతుకుకు అర్థమేమిటన్న ప్రశ్న అన్నీ కలిసి ఒకే వేదన అవుతాయని చెప్పినదీ ఆవిడే. ఒక్క మనిషి చేసిన ఆ మూడు ఉద్యోగాలూ ఇప్పుడు ముగ్గురు మనుషులుగా మా ఇంటికి వస్తున్నాయని ఈ రోజు నాన్న జవాబు విన్నప్పుడు నాకు తట్టింది. సిస్టర్ గారు ఆ జవాబును కూడా నొప్పి అంకె పక్కనే రాసుకున్నారు. సాయంత్రంలోగా సామాజిక కార్యకర్త ఫోను చేసి, వారానికి రెండు రాత్రులు వాలంటీరు వచ్చి నాన్న దగ్గర కూర్చునేలా ఏర్పాటు చేశారు.

అమ్మ నిద్రలేమికి అసలు కారణం తిండి. నాన్న రెండు చెంచాలకు మించి తీసుకోవడం లేదు, తనవల్లనే ఆయన నీరసించిపోతున్నారని ఆవిడ దిగులు. సిస్టర్ గారు వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నారు. "ఆయన తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, అమ్మగారూ. జబ్బు ముదిరినందువల్ల శరీరం తిండి అడగడం లేదు. మీరు పెట్టిన రెండు చెంచాలూ ఆయనకు ఇష్టంగా అందితే చాలు" అన్నారు. అమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆవిడ ఆపమనలేదు, తొందరపడలేదు. తరువాత మెత్తని బ్రష్‌తో నాన్న నోరు శుభ్రం చేయడం, పెదవులు ఆరిపోకుండా తడపడం అమ్మకు నేర్పారు. చెయ్యడానికి ఒక పని దొరకగానే అమ్మ ముఖం కుదుటపడింది.

వెళ్ళే ముందు గుమ్మం దగ్గర నేను ఎన్నాళ్ళుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను. ఇంకెంత కాలం? ఆవిడ తేదీ చెప్పలేదు, తప్పించుకోనూ లేదు. "మార్పు నెల నెలకూ కనిపిస్తుంటే నెలలని, వారం వారానికి కనిపిస్తుంటే వారాలని, రోజు రోజుకూ కనిపిస్తుంటే రోజులని మేము అంచనా వేస్తాం. మీ నోటుపుస్తకమే మీకు చెబుతుంది" అన్నారు. ఆ రోజులు వచ్చినప్పుడు ఎలా ఉంటుందో కూడా నిలబడి, నెమ్మదిగా చెప్పారు. నిద్ర పెరుగుతుంది, చేతులు, కాళ్ళు చల్లబడి చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది, ఊపిరి కొంతసేపు ఆగి, మళ్ళీ అందుకుంటుంది, గొంతులో గురగుర వినిపిస్తుంది. ఆ శబ్దం వినేవారిని కలవరపెట్టినంతగా ఆయనను బాధించదని, అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి తమకు ఫోను చేయమని, ఏ వేళైనా ఎత్తుతామని అన్నారు. నొప్పికి, ఆయాసానికి, గాభరాకు, గొంతులో చేరే స్రావాలకు కావలసిన మందులన్నీ ముందుగానే ఒక పెట్టెలో పెట్టి అలమరలో ఉంచారు. పలకకపోయినా మాటలు వినిపిస్తూ ఉండవచ్చు కాబట్టి మాట్లాడుతూనే ఉండమన్నారు.

ఆవిడ చెబుతున్నంతసేపూ నా కాళ్ళు వణికాయి. కానీ ఆవిడ వెళ్ళిన తరువాత, చాలా రోజులకు మొదటిసారి, ఛాతీలో బిగుసుకున్నదేదో సడలింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నన్ను చంపిన భయం నాన్న మరణం గురించి కాదు; తరువాతి నిమిషంలో ఏం జరుగుతుందో చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడం గురించి.

మధ్యాహ్నం వాలంటీరుగా వచ్చే రిటైరైన టీచరుగారు రెండు గంటలు కూర్చున్నారు. నాన్న తన ఉద్యోగపు తొలి రోజుల కథ ఆయనకు చెబుతుంటే ఫోనులో రికార్డు చేశారట. ఆ కథ మాకెవరికీ తెలియదు. ఆ రెండు గంటలూ నేను పక్క గదిలో నిద్రపోయాను.

సాయంత్రం మా పాప సంగతి మిగిలింది. ఎనిమిదేళ్ళది. తాతయ్య "నిద్రపోతారు", "దూరం వెళ్తారు" లాంటి మాటలు వాడవద్దని, అలా చెబితే పిల్లలు తమ నిద్రకే భయపడతారని సామాజిక కార్యకర్త ముందే హెచ్చరించారు. పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య జబ్బు నయం కాదని, ఆయన చనిపోతారని, అది ఎవరి తప్పూ కాదని, తనకు అంటుకోదని చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి వినడం నాకూ అదే మొదలు. "తాతయ్యకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "అయితే నేను ఆయనతో మామూలుగానే మాట్లాడొచ్చు కదా" అంటూ లేచి, బడిలో వేసిన బొమ్మ చూపించడానికి వెళ్ళింది. నాన్న కళ్ళజోడు అడిగి పెట్టుకుని చూశారు.

అన్నయ్య రాత్రి ఫోను చేశాడు. అంతా ముగిసిన తరువాత కూడా ఏడాది పాటు హాస్పిస్ వాళ్ళు అమ్మకు ఫోను చేస్తూ, అవసరమైతే వచ్చి పలకరిస్తూ ఉంటారని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆదివారం వస్తానన్నాడు, నాన్నను పక్కకు తిప్పడం తనకూ నేర్పమన్నాడు.

నోటుపుస్తకం వెనక్కి తిప్పాను. పోయిన మంగళవారం నాన్న అరగంట కుర్చీలో కూర్చున్నారు. అంతకు ముందు మంగళవారం గుమ్మం దాకా నడిచారు. ఈ మంగళవారం మంచం తల ఎత్తుగా పెడితే పది నిమిషాలు ఆనుకుని ఉన్నారు. నిన్న కూడా పది నిమిషాలే.

రాత్రి 10 గంటలు. డాక్టరుగారు చెప్పినట్టు, అర్ధరాత్రి 2 గంటలకు లేపకుండా ఉండేందుకు పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇచ్చాను. ఎడమ పక్కకు తిప్పాను. నొప్పి: రెండు. అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతున్నది ఏమిటని ఈసారి నేనే అడిగాను. "ఈ పూట ఏమీ లేదు" అన్నారు. అమ్మ నిద్రపోయింది.