పేరుకొక తేదీ: స్టాక్‌హోమ్ నుండి నాన్తలి దాకా

స్టాక్‌హోమ్ నగర గ్రంథాలయం పక్కనే చెట్లతో నిండిన చిన్న గుట్ట ఒకటి ఉంది. దాని మీద 1753లో ప్రారంభమైన పాత ఖగోళ వేధశాల ఇప్పటికీ నిలిచి ఉంది. నగరానికి వచ్చిన యాత్రికుల్లో ఎక్కువమంది పాతబస్తీకి, రాజప్రాసాదానికి, ఓడల మ్యూజియానికి వెళ్తారే తప్ప ఈ గుట్ట ఎక్కరు. నేను మాత్రం ముందు ఇక్కడికే వచ్చాను. స్వీడన్‌లో పంచాంగాలు అచ్చువేసి అమ్ముకునే హక్కు 1747లో అక్కడి రాయల్ సైన్స్ అకాడమీకి దఖలు పడింది. ఆ అమ్మకాల మీద వచ్చిన రాబడే ఈ వేధశాలను, అందులో పనిచేసిన పండితులను పోషించింది. ఆ గుత్తాధిపత్యం 1972 దాకా సాగింది. అన్నేళ్లపాటు ప్రతి తేదీ పక్కన ఏ పేరు ఉండాలో నిర్ణయించిన అధికారం ఆ అకాడమీదే. పేరున్న తేదీ వచ్చిన రోజున ఆ పేరుగలవారంతా శుభాకాంక్షలు అందుకుంటారు. స్వీడన్‌లో దీనిని నామ్న్స్‌దాగ్ అని, ఫిన్లాండ్‌లో నిమిపైవా అని అంటారు. మనం నామదినం అనుకుందాం.

నా ప్రయాణం జూలైలో సాగడానికి కారణం మా మేనకోడలు. భర్త ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని టుర్కు పట్టణంలో స్థిరపడిన ఆ అమ్మాయి, "మామయ్యా, ఎలాగూ వస్తున్నారు కాబట్టి మహిళల వారంలో రండి. వాన పడితే మాత్రం నన్ను అనకండి" అని ముందే చెప్పింది. మహిళల వారం ప్రభుత్వం ప్రకటించిన ఉత్సవమేమీ కాదు. పంచాంగంలో వరుసగా స్త్రీల పేర్లే పడిన రోజులకు జనం పెట్టుకున్న పేరది. స్వీడన్‌లో జూలై 19న సారాతో మొదలై మార్గరెటా, యొహన్నా, మగ్దలేనా, ఎమ్మా మీదుగా 24న క్రిస్టీనాతో ముగుస్తుంది. ఫిన్లాండ్‌లో ఒకరోజు ముందుగా, 18న రీక్కాతో మొదలవుతుంది. అక్కడ 23వ తేదీ ఎమ్మాది కాదు, ఓల్గాది. ఈ వారంలో వానలు తప్పవని రెండు దేశాల్లోనూ నమ్మకం. ఫిన్లాండ్‌లో సగటున ఎక్కువ వాన పడే నెలలు జూలై, ఆగస్టులే కాబట్టి ఈ నమ్మకం నిజం కావడానికి ఆడవాళ్ల పేర్ల ప్రమేయం అక్కరలేదని నాకు అనిపించింది.

గుట్ట దిగి రాజప్రాసాదం వైపు నడిచాను. దాని లోపలి ముంగిట్లో ఏటా మార్చి 12న యువరాణి విక్టోరియా నామదినాన్ని బహిరంగంగా జరుపుతారు. సైనిక వాద్యబృందం వాయిస్తుంది. పిల్లలు వరుసలో నిలబడి పూలూ, తాము వేసిన బొమ్మలూ అందిస్తారు. రాజు పుట్టినరోజుకే కాదు, ఆయన పేరైన కార్ల్‌కు కేటాయించిన జనవరి 28కి, రాణి సిల్వియా పేరున్న ఆగస్టు 8కి కూడా దేశమంతటా జెండాలు ఎగురవేస్తారు. నేను వెళ్లినప్పుడు ఆ ముంగిట్లో కాపలా సైనికులు, ఐస్‌క్రీములు తినే పర్యాటకులు తప్ప ఎవరూ లేరు. అయినా ఒక మనిషి పేరుకు ప్రభుత్వం జెండా ఎత్తడమన్న ఆలోచన నన్ను అక్కడ కాసేపు నిలబెట్టింది.

ఈ తేదీల మూలం కాథలిక్ కాలంలో ఉంది. ఏ పుణ్యపురుషుడు ఏ రోజున చనిపోయాడో ఆ రోజే ఆయనను తలచుకొనే పండుగ అయింది, ఎందుకంటే ఆ మరణాన్ని స్వర్గంలో పుట్టుకగా భావించారు. మన లెక్కలో చెప్పాలంటే వర్ధంతి అన్నమాట. పదహారో శతాబ్దంలో ఈ దేశాలు లూథరన్ మతంలోకి మారి, పుణ్యపురుషుల ఆరాధనను వదిలిపెట్టినప్పుడు ఈ రోజులు కూడా పోవలసింది. పోలేదు. రైతు తన పనులన్నిటినీ ఆ పేర్లతోనే గుర్తుపెట్టుకొనేవాడు. మే 18 ఎరిక్ రోజుకు పైరు కంకి తొడిగితే, జూలై 29 ఊలోఫ్ రోజుకు రొట్టె చేతికొస్తుందని స్వీడన్‌లో సామెత ఉంది. ఎరిక్ స్వీడన్ రాజు, ఊలోఫ్ 1030లో యుద్ధంలో మరణించిన నార్వే రాజు. సామెత చెప్పే రైతుకు వాళ్ల చరిత్ర తెలియకపోయినా కోతలు ఎప్పుడో తెలుసు. 1901లో అకాడమీ జాబితాను తిరగరాసి, ఎవరూ పెట్టుకోని పాత పేర్లు తీసేసి, జనం నిజంగా పెట్టుకొనే పేర్లు చేర్చింది. గుత్తాధిపత్యం పోయాక 1986లో రోజుకు మూడు పేర్లు పెట్టి కొత్త జాబితా తెచ్చారు గాని అది కుదురుకోలేదు; చివరికి 2001లో రోజుకు రెండు పేర్లకు మించని జాబితాతో సర్దుకున్నారు.

సాయంత్రం ఓడ ఎక్కాను. స్టాక్‌హోమ్ నుండి టుర్కుకు వెళ్లే ఓడలు రాత్రంతా వేల దీవుల నడుమ సాగి, ఓలండ్ దీవుల దగ్గర కాసేపు ఆగి, తెల్లవారేసరికి అవతలి ఒడ్డు చేరతాయి. జూలైలో అక్కడ చీకటి పూర్తిగా పడదు కనుక డెక్ మీద చాలాసేపు కూర్చున్నాను. ఫిన్లాండ్ గడియారం ఒక గంట ముందుంటుంది.

టుర్కులో దిగాక మొదట చూసింది 1300లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చి. ఇది మరియమ్మతో పాటు బిషప్ హెన్రిక్ పేరిట వెలసింది. ఆయనను గడ్డకట్టిన సరస్సు మీద లల్లి అనే రైతు చంపాడని కథ. ఆ హెన్రిక్ పేరే ఫిన్నిష్ నోట హైక్కి అయి జనవరి 19న కూర్చుంది. ఆ రోజుకు చలికాలం సగం గడిచినట్టు లెక్క. కొట్టంలో ఎండుగడ్డి ఇంకా సగం మిగిలి ఉండాలి. గుహలో నిద్రపోయే ఎలుగుబంటి ఆ రోజే పక్కకు ఒత్తిగిలుతుందట. టుర్కులో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే. ఈ ఊళ్లోని అకాడమీ ఆచార్యుడు తమ్మెలిన్ 1705లో మొదటి ఫిన్నిష్ పంచాంగాన్ని తయారు చేశాడు. 1827లో ఊరు తగలబడిపోయి, మరుసటి ఏడు అకాడమీ హెల్సింకికి తరలిపోయి అక్కడి విశ్వవిద్యాలయంగా మారింది. ఇప్పటికీ ఫిన్లాండ్ నామదినాల జాబితా హెల్సింకి విశ్వవిద్యాలయపు పంచాంగ కార్యాలయం చేతిలోనే ఉంది. జాబితాను అయిదేళ్లకోసారి సవరిస్తారు.

మా మేనకోడలి పక్కింట్లో ఒక పెద్దామె ఉంటారు. 22వ తేదీన పంచాంగంలో ఉన్న లేనా, మత్లేనా పేర్లలో ఒకటి ఆమెది. ఆ రోజు కాఫీకి వెళ్దామని మేనకోడలు అన్నప్పుడు, పిలిచారా అని అడిగాను. పిలవరట. క్యాలెండర్ చూసుకొని, తెలిసినవాళ్లే వెళ్లాలి. పుట్టినరోజైతే ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. నామదినం గోడ మీద అచ్చై ఉంటుంది కాబట్టి దాచుకోవడానికి, మరిచిపోయామని చెప్పడానికి వీలుండదు. ఎన్నో ఏడు వచ్చిందని ఎవరూ అడగరు కూడా. వయసు మళ్లినవారికి పుట్టినరోజు కన్నా ఈ రోజే హాయిగా ఉండటానికి ఇదే కారణమని నా అనుమానం.

వంటగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, దానిపై పలుచని పింగాణీ కప్పులు. ఏలకుల వాసన వచ్చే తీపి బన్నులు, స్ట్రాబెర్రీలు పరచిన మీగడ కేకు ఆమే స్వయంగా తయారు చేశారు. ఇక్కడ వింత ఏమిటంటే పండుగ ఎవరిదో వడ్డన కూడా వారిదే. కార్యాలయాల్లో కూడా ఎవరి నామదినమైతే వారే కేకు తెచ్చి కాఫీ గదిలో పెడతారట. వచ్చినవాళ్లు పువ్వో కార్డో ఇస్తారు, అంతకు మించి కానుకలు పెద్దగా ఉండవు. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ ఆమె మళ్లీ నింపారు. వద్దనడం ఎలాగో నాకు తెలియలేదు. బయట, అందరూ అనుకున్నట్టే, వాన మొదలైంది. ఆమె కిటికీలోంచి దానిని చూసి, తన పంచాంగం గెలిచిందన్నట్టు తల ఊపారు.

నా పేరు అడిగారు. చెప్పగానే లేచి సొరుగులోంచి చిన్న పంచాంగం తీసి, కళ్లజోడు పెట్టుకొని వెతికారు. ఫిన్నిష్ జాబితాలో లేదు. ఫిన్లాండ్‌లోని స్వీడిష్ భాషీయులకు వేరే జాబితా ఉంది, అందులోనూ లేదు. ఉత్తరాది సామీ జనుల జాబితా, ఆర్థొడాక్స్ చర్చివారి జాబితా కూడా గాలించారు. చివరికి నవ్వు ఆపుకుంటూ గుర్రాలకూ, కుక్కలకూ, పిల్లులకూ కూడా నామదినాలున్నాయని, అవి చూడమంటారా అని మా మేనకోడలి ద్వారా అడిగించారు. చూడమన్నాను. గుర్రాల్లోనూ లేదు. సముద్రం అవతల లాత్వియాలో క్యాలెండర్‌కెక్కని పేర్లన్నిటికీ కలిపి మే 22ను కేటాయించారని, నేను అక్కడికి మకాం మార్చుకోవచ్చని సలహా ఇచ్చారు.

ఆ మాట నవ్వుకు అన్నదే అయినా, మేనకోడలికి అది నిజమైన సమస్య. ఆమె పాప చదివే బాలవిహార్‌లో ఒక్కొక్క పిల్ల వంతు వస్తూ ఉంటే, మా పాపకు మాత్రం తేదీ లేదు. జన్మనక్షత్రం రోజును చెప్దామా అని ఆలోచించిందట. కానీ అది ఏటా చాంద్రమానం ప్రకారం మారిపోతుంది. అక్కడి టీచరుకు కావలసింది కదలని తేదీ. మన ఇళ్లలో పేరు నక్షత్రం నుంచి పుడుతుంది, నక్షత్ర పాదాన్ని బట్టి మొదటి అక్షరం వస్తుంది. వాళ్ల దగ్గర పేరే ముందు, దాని తరువాతే తేదీ. రెండు పంచాంగాల మధ్య ఆ పిల్ల ఇప్పటికి పుట్టినరోజు కేకుతోనే సరిపెట్టుకుంటోంది.

వాన తెరిపిచ్చాక బస్సులో అరగంట దూరంలోని నాన్తలికి వెళ్లాం. అక్కడ పదిహేనో శతాబ్దంలో బిర్గిట్టా సన్యాసినులు స్థాపించిన మఠానికి చెందిన రాతి చర్చి ఒకటే మిగిలింది. ఆ సంప్రదాయానికి మూలమైన స్వీడన్‌వాసి బిర్గిట్టా 1373 జూలై 23న, అంటే ఈ మహిళల వారంలోనే కన్నుమూసింది. అయినా స్వీడన్ పంచాంగంలో ఆమె పేరు ఈ వారంలో లేదు; ఆమెను పుణ్యస్త్రీగా ప్రకటించిన 1391 అక్టోబర్ 7ను పట్టుకొని ఆ తేదీన ఉంది. శరదృతువులో ఆ రోజుల్లో ఎండ కాస్తే దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు.

నాన్తలి అసలు సందడి జూలై 27న. ప్రాచీన ఎఫెసస్ నగరం దగ్గరి గుహలో ఏళ్ల తరబడి నిద్రపోయారని కథలో చెప్పే ఏడుగురి జ్ఞాపకంగా వచ్చిన ఆ రోజున ఇంట్లో ఆఖరున లేచినవారి మీద నీళ్లు పోస్తారు. ఊరు మొత్తానికి ఒక ప్రముఖుణ్ణి ‘నిద్రమొద్దు’గా రహస్యంగా ఎంచుకొని, దుప్పటిలో చుట్టి, పొద్దున ఏడింటికి సముద్రంలోకి విసిరేస్తారు. అందుకోసం మేమూ తెల్లవారుజామునే లేచి మళ్లీ వెళ్లాం. పైగా, 25న ఆ తేదీ పేరైన యాక్కో నీళ్లలో చల్లని రాయి వేస్తాడని, ఆ తరువాత నీళ్లు చల్లబడతాయని అక్కడి సామెత. విసిరిన క్షణాన జనం కేరింతలు కొట్టారు. దుప్పటిలోంచి బయటపడ్డ పెద్దమనిషి ఆ సామెతను ఒప్పుకుంటున్న ముఖంతో ఈదుకుంటూ ఒడ్డు చేరాడు.

తిరుగు బస్సులో మేనకోడలు ఫోనులో క్యాలెండర్ తెరిచి, ఎల్లుండి ఊలవి రోజని చెప్పింది. స్వీడన్‌వాళ్ల ఊలోఫే ఇక్కడ ఊలవి. ఆమె ఆఫీసులో ఆ పేరుగల పెద్దాయన ఒకరున్నారట. జూలైలో అందరూ సెలవుల్లో ఉంటారు కాబట్టి ఆయన ఏటా తప్పించుకోవాలని చూస్తారని, ఆగస్టులో పనిలోకి రాగానే మొదటి రోజే కేకు వసూలు చేస్తామని అంది.