పట్టివ్వని పుస్తకం: ఒక క్వీర్ గ్రాఫిక్ నవల అచ్చేసి అమ్మిన నా అనుభవం

మా గ్రాఫిక్ నవలలో, అంటే బొమ్మలతో నడిచే కథాపుస్తకంలో, ఇద్దరు ఆడవాళ్ళుంటారు. ఒకావిడకు నలభై దాటాయి, ఇంకొకావిడకు ఇంకా దాటలేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఒకరిది, కింది అంతస్తు ఒకరిది. లిఫ్టు పాడైన రోజుల్లో మెట్ల మీద పరిచయమవుతారు, ప్రేమలో పడతారు, చివరికి కలిసే ఉంటారు. కథ నాది, బొమ్మలు నా స్నేహితురాలివి. పుస్తకం పూర్తి చేయడం ఎంత కష్టమో చాలామంది ముందే చెప్పారు. అమ్మేటప్పుడు వచ్చే చిక్కు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇలాంటి పుస్తకం కోసం వెతికేవాళ్ళలో చాలామందికి అది తమ చేతిలో ఎవరికీ కనబడకూడదు. వెతికితే దొరికేంత బాహాటంగానూ ఉండాలి, కొన్నవాళ్ళను పట్టివ్వనంత గుట్టుగానూ ఉండాలి. మేం తీసుకున్న నిర్ణయాల్లో సగం దీని చుట్టూ తిరిగినవే.

మొదట ప్రచురణకర్తలకే పంపాం. గ్రాఫిక్ నవలైతే పుస్తకం మొత్తం పంపనక్కర్లేదు. ఒక పేజీ కథాసారం, స్క్రిప్టులో కొంత భాగం, ఇంకుతో గీతలు దిద్ది (ఇంకింగ్), మాటలు రాసి (లెటరింగ్) పూర్తిచేసిన కొన్ని పేజీలు, పాత్రల స్కెచ్చులు ఉంటే చాలా చోట్ల చూస్తారు. జవాబులు మర్యాదగానే వచ్చాయి. ఒక ఎడిటర్ "చాలా బాగుంది, కానీ ఈ ఇద్దరూ ప్రాణస్నేహితులైతే ఇంకా ఎక్కువమందికి చేరుతుంది కదా" అని రాశారు. ఇంకొకరికి ప్రేమతో ఇబ్బంది లేదు, ముగింపే నచ్చలేదు. ఇద్దరిలో ఒకరు చనిపోతే కథకు బరువొస్తుందట. "ఎవర్ని చంపాలో కూడా ఆయన్నే చెప్పమను" అంది నా స్నేహితురాలు. మార్కెట్ చిన్నది అనే మాట అందరి జవాబుల్లోనూ ఉంది.

ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. కామిక్స్ చరిత్ర కొంచెం తెలిసినవాళ్ళెవరికైనా అంతే అనుకుంటాను. 1954లో అమెరికన్ కామిక్స్ పరిశ్రమ తనకు తానే పెట్టుకున్న కామిక్స్ కోడ్, స్వలింగ ప్రేమను 'వక్రత' కింద కట్టి దాని ఊసే ఎత్తకూడదంది. 1989లో కోడ్‌ను సవరించేదాకా ఆ పరిస్థితి మారలేదు. కోడ్ ముద్ర లేని కామిక్స్‌ను మామూలు దుకాణాలు పెట్టుకునేవి కావు కాబట్టి క్వీర్ (గే, లెస్బియన్ తదితర) కార్టూనిస్టులు పక్కదారి వెతుక్కున్నారు. హోవర్డ్ క్రూజ్ సంపాదకత్వంలో 1980లో 'గే కామిక్స్' మొదలైంది. కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ 1983లో మొదలుపెట్టిన కామిక్ స్ట్రిప్పు ఏళ్ళ తరబడి గే, లెస్బియన్ పత్రికల్లోనే నడిచింది. అదే బెక్డెల్ 2006లో పెద్ద ప్రచురణ సంస్థ నుంచి 'ఫన్ హోమ్' అనే బొమ్మల ఆత్మకథ తెస్తే బెస్ట్ సెల్లర్ అయింది. అంటే చదివేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పుస్తకం వెళ్ళే దారే మూసి ఉంది.

మాకు దగ్గరగా కనబడిన ఉదాహరణ బ్రిటన్ రచయిత ఆలిస్ ఓస్మన్‌ది. ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ 'హార్ట్‌స్టాపర్' 2016లో వెబ్‌కామిక్‌గా మొదలైంది. 2018లో క్రౌడ్‌ఫండింగ్‌తో, అంటే పాఠకులు ముందే ఇచ్చిన చందాలతో, మొదటి పుస్తకం అచ్చయింది, ఆ తర్వాతే ప్రచురణ సంస్థ వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2022లో. మాకు అంత ఆశ లేదు గానీ ఆ వరస నచ్చింది. ముందు వెబ్, తర్వాత చందాలు, ఆ తర్వాత అచ్చు.

వెబ్‌కామిక్‌కీ పుస్తకానికీ పేజీ ఒకటే కాదు. ఫోన్‌లో కిందికి జరుపుతూ చదివే వేదికల్లో బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్ళు ఉంటే చాలు. అచ్చుకు రంగు బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని కొలత), గీతలు మాత్రమే ఉన్నవి 600 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. అందుకని పేజీలన్నీ అచ్చు కొలతలోనే గీసి, తర్వాత ప్యానెళ్ళు విడదీసి ఫోన్ కోసం నిలువుగా పేర్చుకున్నాం. మొదటే ఫోన్ కోసం గీసినవాళ్ళు తర్వాత పుస్తకం చేయబోయి పడ్డ తంటాలు విన్నాం కాబట్టి ఆ ఒక్క విషయంలో టెన్షన్ పడలేదు.

టెన్షన్ పెట్టింది వయసు గుర్తు. మా కథలో ఒక ముద్దుంది, అంతకుమించి ఏమీ లేదు. ఆ అధ్యాయం పెట్టీపెట్టగానే ఒక వేదిక దాన్ని 'పెద్దలకు మాత్రమే' విభాగంలోకి నెట్టేసింది. అదే వేదికలో ఆడా మగా ముద్దు పెట్టుకున్న కథలు అందరి ముందూ ఉన్నాయి. అప్పీలు పెట్టుకున్నాం. ఇక్కడ కోపంగా రాస్తే ప్రయోజనం లేదు. వాళ్ళ నియమావళిలో ఏ వాక్యం ప్రకారం తీసేశారో అడిగి, అదే వేదికలో ఉన్న అలాంటి సన్నివేశాల లింకులు జతచేస్తే మనిషి ఎవరో చూసి సరిచేశారు. ఈలోగా కొత్త పాఠకులు రావడం మాత్రం ఆగిపోయింది.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 2009 ఏప్రిల్‌లో అమెజాన్‌లో వేల పుస్తకాల అమ్మకాల ర్యాంకు మాయమైంది, వాటిలో గే, లెస్బియన్ పుస్తకాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. కేటలాగులో జరిగిన పొరపాటు వల్ల 57,310 పుస్తకాలకు ఇలా అయిందని ఆ సంస్థే తర్వాత చెప్పింది. ర్యాంకు పోతే పుస్తకం వెతుకులాటలో కిందికి పోతుంది. అమ్మకానికే ఉంటుంది, ఎవరికీ కనబడదు. 2018 డిసెంబర్‌లో బ్లాగుల వేదిక టంబ్లర్ పెద్దలకు మాత్రమే అనదగ్గ బొమ్మల్ని నిషేధించినప్పుడు, అక్కడే పాఠకుల్ని కూడగట్టుకున్న క్వీర్ చిత్రకారులు చాలామంది చెల్లాచెదురయ్యారు. అందుకే మొదటినుంచీ మా సొంత వెబ్‌సైట్‌లో కూడా ప్రతి అధ్యాయం పెట్టాం, ఇష్టమైనవాళ్ళ ఈమెయిల్ తీసుకున్నాం. వేదిక మీద ఎంతమంది ఫాలో అవుతున్నారన్న లెక్క మన చేతిలో ఉన్నది కాదు, ఈమెయిళ్ళు మాత్రం మనవి.

క్రౌడ్‌ఫండింగ్ గురించి ఎక్కువ చెప్పను. కిక్‌స్టార్టర్ లాంటి చోట లక్ష్యం చేరితేనే డబ్బు, లేకపోతే ఏమీ రాదు. వాళ్ళ వాటా 5 శాతం, చెల్లింపుల ఖర్చు దానికి అదనం. పుస్తకం బరువు తూచకుండా పోస్టేజీ లెక్క వేయకండి. ఇంతే.

అచ్చు దగ్గరికి వద్దాం. నాలుగు రంగుల ముద్రణ, అంటే పూర్తి రంగుల పుస్తకం, మా చందాల లక్ష్యానికి అందలేదు. 'ఫన్ హోమ్'లో నల్ల గీతకు తోడు నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిద ఛాయ ఒక్కటే ఉంటుంది. పుస్తకమంతా దాంతోనే నడుస్తుంది. మేం కూడా నలుపుకు తోడు ఒక్క రంగు తీసుకున్నాం. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో రెండు రంగులంటే రెండే ప్లేట్లు, ఖర్చు బాగా తగ్గుతుంది. డిజిటల్ ప్రింటింగ్‌లో ఈ లాభం ఉండదు. మాటల బెలూన్లలో అక్షరాలు ఒట్టి నలుపులోనే ఉండాలని, రెండో రంగు కలిస్తే అంచులు మసకబారతాయని ప్రెస్సువాళ్ళు చెప్పకముందే మనం సరిచూసుకోవాలి. అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కాగితం కోసేటప్పుడు పోయే అదనపు బొమ్మ, వదలాలి. వెన్ను దగ్గర ఇంకా ఎక్కువ ఖాళీ వదలాలి. లేదంటే రెండు పేజీల బొమ్మలో పాత్ర ముక్కు బైండింగ్‌లోకి వెళ్ళిపోతుంది.

మొదట మాట్లాడుకున్న ప్రెస్సు ఫైళ్ళు చూశాక వెనక్కి తగ్గింది. మిషన్లు ఖాళీ లేవన్నారు. ఫోన్ పెట్టేసే ముందు "మా దగ్గర పనిచేసేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందండీ" అని అసలు మాట చెప్పారు. అడ్వాన్సు కట్టకముందే చెప్పారు కాబట్టి బతికిపోయాం. తర్వాత నుంచి కొటేషన్ అడిగేటప్పుడే ముద్దున్న పేజీని నమూనాగా పంపడం మొదలుపెట్టాం. అభ్యంతరమున్నవాళ్ళు ఆ రోజే తేలిపోతారు. చివరికి కుదిరిన ప్రెస్సాయనకు ఆ పేజీలో అభ్యంతరంగా కనబడిందల్లా ఒక్కటే, వెనకున్న గోడ నలుపు మరీ గాఢంగా ఉందని, ఇంకు ఆరక ఎదురు పేజీకి అంటుకుంటుందని.

కథ, ముందు పేజీలు కలిపి 156 అయ్యాయి. ఆఫ్‌సెట్‌లో పదహారేసి పేజీలు ఒక ఫారంగా (ఒకే పెద్ద కాగితం మీద) అచ్చవుతాయి కాబట్టి 160కి చేర్చాలి. మిగిలిన నాలుగు పేజీల్లో చందా ఇచ్చినవాళ్ళ పేర్లు వేద్దామనుకున్నాం, అందరూ చేసే పనే అది. ఆ సంగతి ఈమెయిల్‌లో చెప్పగానే జవాబులు రావడం మొదలైంది. "నా పేరు వద్దు." "ఇనిషియల్ కూడా వద్దు." "మా తమ్ముడి పేరు వేయండి, వాడికి పర్లేదు." ఒక్క అక్షరం తేడాతో వేస్తే ఎవరూ పోల్చుకోలేరు కదా అని ఒకరు అడిగారు. దాంతో పద్ధతి తిరగేశాం. వద్దన్నవాళ్ళ పేర్లు తీసేయడం మానేసి, వేయమని స్పష్టంగా రాసినవాళ్ళ పేర్లే వేశాం. ఒకటిన్నర పేజీ వచ్చింది. మిగతా చోట మెట్ల స్కెచ్చులు పెట్టాం.

గుట్టు సంగతి అక్కడితో ఆగలేదు. అట్ట మీద ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్న బొమ్మ వేయాలని నా పట్టుదల, అది లేకపోతే పుస్తకం దేని గురించో తెలియదు. దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలని పాఠకుల ప్రశ్న. ఇద్దరి మాటా నిజమే. అట్ట మీద తొడిగే కాగితపు జాకెట్ వేసి దారి కనిపెట్టాం. పై జాకెట్ మీద ఆ ఇద్దరూ ఉంటారు, పుస్తకం పేరు పెద్దగా ఉంటుంది. జాకెట్ తీసేస్తే కింద అట్ట మీద ఖాళీ మెట్లు మాత్రమే, వెన్ను మీద పేరు చిన్నగా. దుకాణంలో ఒకలా, ఇంట్లో ఇంకోలా. ఖర్చు పెరిగింది, నాకు బాధ లేదు. పార్సిల్ మీద పుస్తకం పేరు లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడే మా ప్రచురణ పేరు కూడా ఏ ఊహా రానంత సాదాగా పెట్టుకున్నాం.

పీడీఎఫ్ కొన్న ఒక పాఠకురాలు ఫైలు పేరు మార్చి పంపగలరా అని రాసింది. ఇంట్లో కంప్యూటర్ అందరూ వాడతారట, ఇటీవల తెరిచిన ఫైళ్ళ జాబితాలో పేరు కనబడుతుందట. ఇది మాకు తట్టనే లేదు. అప్పటినుంచి పీడీఎఫ్ రెండు పేర్లతో ఇస్తున్నాం, ఒకటి పుస్తకం పేరు, రెండోది ఒట్టి అంకెలు. ఫైలు లోపల దాగి ఉండే వివరాల్లో (మెటాడేటా) కూడా పేరు తీసేశాం, ఎందుకంటే కొన్ని రీడర్లు ఫైలు పేరు వదిలేసి దాన్నే చూపిస్తాయి. ఈబుక్ సంగతికొస్తే ఇంకో లెక్క ఉంది. అమెజాన్‌లో 70 శాతం రాయల్టీ ఎంచుకుంటే ఫైలు సైజును బట్టి డెలివరీ ఖర్చు కోస్తారు. బొమ్మల పుస్తకం బరువుగా ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు లేని 35 శాతమే ఒక్కోసారి మేలు. రెండు లెక్కలూ వేసుకుని చూడాలి.

ప్రచారంలో అందరూ ఇచ్చిన సలహా జూన్‌లో విడుదల చేయమని, అది క్వీర్ మనుషులు తమ ఉనికిని పండగ చేసుకునే ప్రైడ్ నెల కదా అని. మేం చేయలేదు. ఆ నెలలో పెద్ద సంస్థలన్నీ తమ జాబితాలు బయటికి తీస్తాయి, చిన్న పుస్తకం ఆ రద్దీలో నలిగిపోతుంది. జూలై మొదటి వారానికి అందరి ఉత్సాహమూ అయిపోతుంది. మేం వేరే కాలంలో తెచ్చి, జూన్‌లో జాబితాలు వేసేవాళ్ళకు ముందే కాపీలు పంపి ఊరుకున్నాం. సమీక్ష కాపీలు విడుదలకు మూడు నాలుగు నెలల ముందే వెళ్ళాలి. క్వీర్ పుస్తకాల సమీక్షకులకే కాకుండా మామూలు కామిక్స్ రాసేవాళ్ళకూ పంపాం. గెంగోరో తగామే మాంగా (జపాన్ కామిక్) 'మై బ్రదర్స్ హస్బెండ్'కు 2018లో వచ్చింది కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డు, అది క్వీర్ విభాగం కాదు, ఆసియా కామిక్స్ అమెరికా ముద్రణల విభాగంలో మిగతావాటితో పోటీపడి తెచ్చుకున్నది. క్వీర్ సాహిత్యానికిచ్చే లామ్డా లిటరరీ అవార్డుల్లో కామిక్స్‌కు విడిగా విభాగముంది, దానికీ పంపాలి, దీనికీ పంపాలి.

డబ్బు కట్టి వేసే ప్రకటనలు మాకు అచ్చిరాలేదు. చెయ్యి పట్టుకున్న జాకెట్ బొమ్మను కూడా ఒకచోట అసభ్యం కింద తిప్పికొట్టారు. మెట్ల బొమ్మతో వేస్తే ఆమోదించారు, కానీ అది చూసి ఎవరూ క్లిక్ చేయలేదు. నిజంగా అమ్మింది ఒక నాలుగు ప్యానెళ్ళ ముక్క. చేతిలో సరుకుల సంచులతో ఇద్దరూ ఆరో అంతస్తు దాకా ఎక్కి, తాళం చెవి కిందే మర్చిపోయామని తెలుసుకునే చోటు. దాన్ని పంచుకున్నవాళ్ళలో సగం మందికి అది క్వీర్ కథని తెలిసి ఉండదు, తెలిశాక కొందరు ఆగిపోయి ఉంటారు, కొందరు కొన్నారు.

తిట్లూ వచ్చాయి. పుస్తకం విడుదల కాకముందే ఒక్క నక్షత్రం సమీక్షలు పడ్డాయి. కామెంట్లు చూసే పని బొమ్మలు వేసే మనిషికి ఇవ్వకూడదని మేం ముందే అనుకున్నాం. నేను చూశాను, తను గీసుకుంది. మాయా కొబాబే బొమ్మల ఆత్మకథ 'జెండర్ క్వీర్' 2021 నుంచి 2023 దాకా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వేసిన, ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో మొదటి స్థానంలో ఉంది. నిషేధిస్తే అమ్మకాలు పెరుగుతాయి కదా అని సరదాగా అంటుంటారు. పేరున్న పుస్తకానికి అవుతుందేమో. మా లాంటి పుస్తకాన్ని ఎవరూ నిషేధించరు, ఆర్డరు పెట్టరు అంతే.

వెబ్‌లో చదువరులు పెరిగాక ఒక ప్రచురణ సంస్థ వచ్చింది. ఒప్పందంలో అనువాదం, సినిమా, పాత్రల బొమ్మలతో చేసి అమ్మే సరుకుల హక్కులు విడివిడిగా రాయించుకున్నాం, పుస్తకం ఇంతకాలం అచ్చులో లేకపోతే హక్కులు మాకు తిరిగి రావాలని రాయించుకున్నాం. ఇవి ఏ పుస్తకానికైనా అడగాలి. మేం అదనంగా అడిగింది రచయితల పరిచయం గురించి. వాళ్ళ ప్రచార విభాగం "ఇది మీ సొంత కథేనా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది, అలా అయితే ఇంటర్వ్యూలు సులువుగా దొరుకుతాయట. మాలో ఎవరు ఏమిటో, ఎవరికి ఎప్పుడు చెప్పుకోవాలో మా ఇష్టం. మా అనుమతి లేకుండా మా వ్యక్తిగత జీవితం గురించి అట్ట మీద గానీ ప్రకటనలో గానీ ఒక్క వాక్యం రాయకూడదని ఒప్పందంలో చేర్చమన్నాం. వాళ్ళ లాయరు ఇలాంటిది ఇంతవరకూ చూడలేదన్నాడు, చేర్చాడు.

రెండో ముద్రణ ఇప్పుడు నడుస్తోంది. జాకెట్‌కు ఇంకొంచెం దళసరి కాగితం తీసుకున్నాం, మొదటిది మడత దగ్గర చిరుగుతోందని ఫిర్యాదులొచ్చాయి. గోడ నలుపు తగ్గించాం. పేర్ల పేజీ కోసం అందరికీ మళ్ళీ ఈమెయిల్ పంపితే, మొదటిసారి వద్దన్నవాళ్ళలో కొందరు ఈసారి వేయమన్నారు, మొదటిసారి వేయమన్న ఇద్దరు తీసేయమన్నారు. ప్రెస్సుకు ఫైలు వెళ్ళేది వచ్చే వారం, అప్పటిదాకా ఆ పేజీ మారుతూనే ఉంటుంది.