టర్కీ కూత, మేపుల్ మచ్చలు

గుడ్డతో తుడిచేలోపే మేపుల్ చెక్క స్టెయిన్ రంగును తాగేసింది. ఒకచోట లేత కాఫీ రంగు, పక్కనే మాడిన పెనం రంగు. మూడు శనివారాల పని!

పక్కింటి పెద్దాయన గ్యారేజీలో, వేటగాళ్ళు టర్కీ కోళ్ళను పిలిచే కూత పెట్టె చేస్తున్నాను. వేట నాకు పడదు. కానీ జానెడు చెక్కపెట్టె అంచు మీద తెడ్డులాంటి మూత రాసుకుంటే అచ్చం ఆడ టర్కీ పిలిచినట్టే ఉంటుంది. ఆ వింత కోసం దిగాను.

మేపుల్, చెర్రీ రెండూ ఇంతేనట, రంగును సమంగా పీల్చవు. ముందు పల్చగా షెల్లాక్ పూత వేసి ఆరనివ్వాలి. వాల్‌నట్‌కైతే స్టెయినే అక్కర్లేదు, నూనె రాస్తే చాలు. ఇదంతా నేను పాడుచేశాక చెప్పారు మహానుభావుడు.

షెల్లాక్ అంటే మన లక్కే కదా. ఏటికొప్పాకలో గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మచ్చా లేదు, మరకా లేదు. అది కళ్ళారా చూసినవాణ్ణి, ఇక్కడ తొందరపడ్డాను.

అదృష్టం, అంచులకూ మూత అడుగుకూ టేపు వేసి ఉంచాను. అక్కడ వార్నిష్ పడితే మూత జారిపోతుంది, కూత రాదు. టేపు పీకి, సుద్ద రాసి, మెల్లగా లాగాను.

మొదట కీచుమంది. రెండోసారి గొంతు పెగిలింది. పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టి "ఇంకోసారి" అన్నారు.

ఇంతలో మా ఆవిడ ఫోన్: "ఏంటా అరుపు? వేలు గానీ తెగిందా?"