ఒక చేత్తో కమిటీ, ఇంకో చేత్తో అరెస్టు వారెంటు

బొంబాయి బట్టల మిల్లుల గొడవల్లో బ్రిటిష్ సర్కారు చేసిన పనులు వరసగా చదువుతుంటే నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. రాజీ కుదర్చడం వాళ్లకు చేతకాక కాదు. 1925లో యజమానులు జీతాల్లో 11.5 శాతం కోత పెడితే కార్మికులు నెలల తరబడి మిల్లు గేటు తొక్కలేదు. అప్పట్లో ఇక్కడి మిల్లు బట్ట మీద 3.5 శాతం ఎక్సైజ్ సుంకం ఉండేది, ఇంగ్లండులో బట్టల మిల్లులున్న లాంకషైర్ వాళ్ల వ్యాపారం దెబ్బతినకూడదని 1896 నుంచీ వసూలు చేస్తున్నది, ఎత్తేయమని మనవాళ్లు ఏళ్లకేళ్లు మొత్తుకున్నది. ఆ డిసెంబర్‌లో సర్కారు ఆ సుంకాన్ని ఆపేసింది. దాంతో జీతాల కోత పోయింది, సమ్మె కూడా ముగిసింది.

1928లో అంత సులువుగా తెగలేదు. రెండు మగ్గాలు చూసే నేత కార్మికుడు ఇకమీదట మూడు చూడాలన్నారు, అంటే కొందరి ఉద్యోగం ఊడినట్టే, దానికి రేషనలైజేషన్ అని మర్యాదైన పేరొకటి. దాదాపు లక్షన్నర మంది ఏప్రిల్‌లో సమ్మెకు దిగి అక్టోబర్ దాకా పట్టు విడవలేదు. మధ్యలో కమ్యూనిస్టుల చేతుల్లో గిర్ణీ కామ్‌గార్ యూనియన్ (మిల్లు కార్మికుల సంఘం) పుట్టి, ఏడాది తిరక్కుండానే 50 వేల మందిని దాటేసింది. సర్కారుకు అసలు టెన్షన్ జీతాల గురించి కాదు, ఈ ఎర్రజెండా గురించే.

అయినా ముందు మంచి పనే చేసింది. రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి, జస్టిస్ ఫాసెట్ అధ్యక్షతన విచారణ కమిటీ వేసి, జనాన్ని పనిలోకి పంపింది. కార్మికుల తరఫువాళ్లు కూడా వెళ్లి ఏ పనికి ఎంత రేటన్నది ఓపిగ్గా వాదించారు.

ఆ కమిటీ నివేదిక వచ్చిన 1929 మార్చిలోనే, 20వ తేదీన, ఆ యూనియన్ నడిపిన కమ్యూనిస్టు నాయకుడు డాంగేతో సహా 31 మందిని దేశమంతటా పట్టుకుపోయారు. చక్రవర్తి అధికారాన్ని కూలదోసే కుట్ర అట! విచారణకు మీరట్‌ను ఎందుకు ఎంచుకున్నారంటే, బొంబాయిలోనో కలకత్తాలోనో అయితే మామూలు పౌరులు కూర్చునే జ్యూరీ ముందు నిలబెట్టాలి, మీరట్‌లో ఆ బెడద లేదు. గిల్లి జోల పాడటమంటే ఇదేనేమో.

ఏప్రిల్ 8న ట్రేడ్ డిస్ప్యూట్స్ (కార్మిక వివాదాల) బిల్లు కేంద్ర శాసనసభలో నెగ్గింది. అదే రోజు భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ సభలో బాంబులు విసిరారు, ఆ సంగతి అందరికీ తెలుసు, బిల్లులో ఏముందో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. రాజీ బోర్డులు, విచారణ కోర్టులు ఏర్పాటు చేయడం నిజానికి బాగానే ఉంది. కానీ తమ పరిశ్రమ గొడవ దాటి ప్రభుత్వం మెడలు వంచడానికి చేసే సమ్మె చట్టవిరుద్ధమన్నారు. రైల్వేల్లాంటి చోట్ల ముందస్తు నోటీసు లేకుండా పని ఆపితే నేరమన్నారు.

ఏప్రిల్ 26న బొంబాయి మిల్లులు మళ్లీ ఆగాయి. ఈసారి పిలిచి మాట్లాడదామంటే, కిందటేడు సమ్మె నడిపి, బేరమాడి, జనాన్ని తిరిగి పనిలోకి పంపగలిగిన నాయకుల్లో చాలామంది మీరట్ జైల్లో ఉన్నారు. కొత్త చట్టం కింద వేసిన మొదటి విచారణ కోర్టేమో తప్పు ప్రధానంగా యూనియన్‌దేనని తేల్చింది. మీరట్ కేసులో తీర్పు రావడానికి 1933 జనవరి దాకా పట్టింది.