నీలం వదలని ట్యూబు

విశాఖలో ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సెమిస్టరు. డైయూరాన్ అనే కలుపుమందు మొక్క కణంలో సరిగ్గా ఎక్కడ దెబ్బ కొడుతుందో చూపించాలి, అదీ నా ప్రాజెక్టు. దీనికి పొలం అక్కర్లేదు, ఎంవీపీ కాలనీ రైతుబజారు పాలకూర చాలు.

గొడవంతా ఏప్రిల్ ఎండతోనే. ఆకులోంచి బయటికి తీసిన క్లోరోప్లాస్టులు, అంటే హరితరేణువులు, వేడికి తట్టుకోవు. రోలు, బఫరు ముందురాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, నూరడం, గుడ్డలో వడకట్టడం, సెంట్రిఫ్యూజ్ తిప్పడం చకచకా కానిచ్చి, ట్యూబుని ఐస్‌లో, చీకట్లో దాచేదాన్ని.

పరీక్షకి ఆధారం 1930ల్లో రాబర్ట్ హిల్ కనిపెట్టిన చర్య. డీసీపీఐపీ అనే నీలిరంగు కలిపి వెలుతురులో పెడితే, నీటినుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు అందుకుని రంగు వెలిసిపోతుంది. 600 నానోమీటర్ల దగ్గర రీడింగు తగ్గుతూ వస్తుంది. డైయూరాన్ వేసిన ట్యూబులో మాత్రం దాదాపు కదల్లేదు. వెలుతురు పట్టి ఎలక్ట్రాన్లని నడిపించే ఫోటోసిస్టమ్‌లు క్లోరోప్లాస్టులో రెండు. రెండో ఫోటోసిస్టమ్‌లోని డీ1 ప్రొటీన్‌లో, ఎలక్ట్రాన్లు మోసే ప్లాస్టోక్వినోన్ కూర్చోవాల్సిన చోట డైయూరాన్ కూర్చుంటుంది. అట్రజిన్ అనే ఇంకో కలుపుమందు కూడా అక్కడికే చేరుతుంది. డైయూరాన్ నీళ్ళలో సరిగ్గా కరగదు కాబట్టి ఆల్కహాల్‌లో కరిగించాను. ఉత్త ఆల్కహాల్ వేసిన ట్యూబు కూడా పక్కనే పెట్టాను. అందులో రంగు పోయింది, అంటే తప్పు ఆల్కహాల్‌ది కాదు.

"క్లోరోప్లాస్టులు చచ్చిపోయినా నీలం అలాగే ఉంటుంది కదమ్మా?" అన్నారు మా గైడ్ మేడమ్. న్యాయమైన ప్రశ్నే. అదే డీసీపీఐపీకి ఆస్కార్బేట్ (విటమిన్ సి రూపం) కలిపితే అది ఎలక్ట్రాన్లు పుచ్చుకోవడం మాని, ఒకటో ఫోటోసిస్టమ్‌కి ఇవ్వడం మొదలెడుతుంది. వాటిని అందుకుని ఆక్సిజన్‌కి అప్పగించడానికి మిథైల్ వయోలజన్ వేశాను. లైటు వెయ్యగానే ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్‌లో రీడింగు పడిపోయింది, డైయూరాన్ ఉన్నా సరే! అంటే తెగింది ఒక్క మెట్టే, మిగతా దారి బాగానే ఉంది. మిథైల్ వయోలజన్ అంటే మరేదో కాదు, పారాక్వాట్. ఒక కలుపుమందు గుట్టు విప్పడానికి ఇంకో కలుపుమందే సాక్ష్యం.

వైవాలో, "మరి మొక్క ఆకలితో చస్తుందా?" అని అడిగారు ఎగ్జామినర్. అంతవరకూ ఆగదండీ అన్నాను. దారి మూసుకుపోయినా క్లోరోఫిల్ వెలుతురు పీలుస్తూనే ఉంటుంది. ఆ శక్తి పోయే చోటు లేక సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన ఆక్సిజన్ పుట్టి పొరల్ని కాల్చేస్తుంది.

"గ్లైఫోసేట్ వేస్తే?"

ఈ ట్యూబులో రంగు మామూలుగానే పోతుందండీ. ఆ కలుపుమందు ఆపేది ఈపీఎస్‌పీఎస్ అనే వేరే ఎంజైమ్‌ని. దాంతో ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాల తయారీ నిలిచిపోతుంది. దాని దెబ్బ తెలియాలంటే, ఆ ఎంజైమ్ ఆగినందువల్ల ఆకులో పేరుకునే షికిమిక్ ఆమ్లాన్ని కొలవాలి అన్నాను.

ఆయన రికార్డు మీద సంతకం పెట్టారు.